వాలిన మెట్లు

ఆ ఇంట్లో బీపీ యంత్రం అత్తగారి సొత్తు. పదేళ్ళుగా ఆవిడకు దానితో సహవాసం. బీపీ గురించి ఎవరు నోరెత్తినా ముందు ఆవిడ అనుభవాన్ని దాటుకుని వెళ్ళాల్సిందే. ఎనిమిది నెలలు నిండిన కోడలికి కూడా బీపీ వచ్చిందని తెలిసినప్పుడు ఆవిడ కంగారు పడలేదు సరికదా, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లను సీనియరు పలకరించినట్టు పలకరించింది.

ఆసుపత్రిలో నర్సు కోడలికి కొలత ఎలా తీసుకోవాలో నేర్పి పంపింది. వెనక్కి ఆనుకుని కూర్చోవాలి. పాదాలు రెండూ నేలకు ఆనాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టుకోవాలి. కాసేపు ఊరికే కూర్చున్నాకే మీట నొక్కాలి. అంతసేపూ మాట్లాడకూడదు. మొదటివన్నీ ఆమె చేతిలో ఉన్నాయి, ఆఖరిది మాత్రం అత్తగారి చేతిలో ఉంది. కోడలు చేతికి పట్టీ చుట్టుకోగానే ఆవిడకు ప్రపంచంలో విషయాలన్నీ గుర్తొచ్చేవి. పాలు విరిగిన సంగతి, పై అంతస్తు వాళ్ళు రాత్రంతా కొళాయి కారనిచ్చిన సంగతి, కొడుక్కి చొక్కా గుండీ ఊడిన సంగతి. కోడలు కనుబొమలతోనే ఊ కొట్టేది.

ఆ ఉదయం యంత్రం బుసకొట్టి బుసకొట్టి నూట యాభై రెండు, తొంభై ఎనిమిది అని చూపించింది.

"ఇదీ ఒక బీపీయేనా?" అంది అత్తగారు, కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని చూసి. "నాది నూట తొంభై ఉన్న రోజున ఇంట్లో దుప్పట్లన్నీ ఉతికి ఆరేశాను."

కోడలు నవ్వేసి మాత్ర మింగింది. డాక్టరమ్మ మాట వేరేగా ఉంది. ఇది మీ అత్తగారికున్న బీపీ లాంటిది కాదు, కడుపుతో పాటు వచ్చింది, చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది అని చెప్పింది. మాత్రలు మానకూడదని, తలనొప్పి వదలకపోయినా, కళ్ళముందు మెరుపులు కనిపించినా, పక్కటెముకల కింద నొప్పి పుట్టినా, మొహం ఉబ్బినా మరేమీ ఆలోచించకుండా వచ్చెయ్యమని మరీ మరీ చెప్పింది. పని తగ్గించుకోమంది కూడా. తనది కూర్చుని చేసే పనేనని ఆమె జవాబిచ్చింది. అది అబద్ధం కాదు. కాకపోతే ఆ కూర్చునేది వీపు ఆనని ఎత్తు స్టూలు మీద అన్న సంగతి చెప్పలేదు.

పాదాలు వాచి తన చెప్పుల్లో పట్టక, భర్త పాత చెప్పులేసుకుని ఆమె పనికి బయలుదేరింది.

ఆమె పనిచేసేది కళ్ళద్దాల షాపులో. ముందు గదిలో యజమాని కళ్ళు పరీక్షించి నంబరు రాస్తాడు. వెనక గదిలో ఆమె గుండ్రటి లెన్సును కొలిచే యంత్రంలో పెట్టి చూసి, మధ్యలో సిరా చుక్క పెట్టి, ఫ్రేము ఆకారానికి సాన మీద అరగదీసి, అంచును గాడిలో కూర్చోబెట్టి స్క్రూ బిగిస్తుంది. కొన్ని కళ్ళకు పవరు ఎంతో తెలిస్తే చాలదు, లెన్సును ఏ వాలులో తిప్పి పెట్టాలో కూడా చూడాలి. ఆ వాలు కాస్త తప్పిందంటే పెట్టుకున్న మనిషికి లోకమే ఒరిగిపోతుంది. ఆ పనిలో ఆమెకు తిరుగులేదు. యంత్రం కంటిగొట్టంలో కనిపించే పచ్చటి గీతలు ఎక్కడ సూటిగా నిలబడతాయో ఒక్క చూపులో పట్టేస్తుంది. అందుకే యజమాని ఆమెకు 'సూదికళ్ళు' అని పేరు పెట్టాడు.

ఆమె కాన్పుకి వెళ్తే పని ఆగకూడదని నెల కిందట ఆయన ఒక మనిషిని తెచ్చిపెట్టాడు. ఆ కొత్తాయన్ను అందరూ గడియారాల మాస్టారు అంటారు. వయసంతా చేతి గడియారాలు బాగుచేయడంలోనే గడిచింది. జనం టైము ఫోనుల్లో చూసుకోవడం మొదలుపెట్టాక ఆయన బల్ల మీద దుమ్ము తప్ప మరేమీ వాలలేదు. ఇప్పుడు తన వయసులో సగమున్న ఆమె దగ్గర పని నేర్చుకుంటున్నాడు. చెయ్యి నిదానం, నోరు ఇంకా నిదానం.

'నీ కుర్చీ ఎక్కడికీ పోదమ్మా' అని యజమాని మొదటిసారి అన్నప్పుడు ఆమెకు ధైర్యం కలిగింది. రెండోసారి అన్నప్పుడు ఏమీ అనిపించలేదు. అడక్కుండానే మూడోసారి అన్నప్పుడు ఆ మాట మీదే అనుమానం మొదలైంది. తనకు ఎసరు పెట్టే మనిషిని తనే దగ్గరుండి తయారుచేస్తున్నానా అనిపించింది. అప్పటినుంచి ఆమె ఒక్క పూట కూడా సెలవు పెట్టలేదు.

ఆ వారం కళ్ళముందు మెరుపులు మొదలయ్యాయి. మొదటిసారి సాన మీదినుంచి ఏదో ఎగిరిందనుకుంది. రెండోసారి మెరిసినప్పుడు సాన తిరగడమే లేదు. పచ్చ గీతలు అలుక్కుపోయి కనిపిస్తే కంటిగొట్టం తుడిచింది. మెత్తటి గుడ్డతో ఓసారి, చీర చెంగుతో ఇంకోసారి తుడిచి, దుమ్మే అయి ఉంటుందని తనకు తాను నచ్చజెప్పుకుంది. డాక్టరమ్మ చెప్పిన మాటలు గుర్తుకు రాకపోలేదు. వచ్చెయ్యమంటే వెళ్ళాలి, వెళ్తే ఉంచేసుకుంటారు, ఉంచేసుకుంటే స్టూలు ఖాళీ అవుతుంది. ఇంకొక్క వారం గడిస్తే చాలనుకుంది.

ఆ మధ్యాహ్నం లైబ్రరీలో పనిచేసి రిటైరైన పెద్దావిడ ఒకరు గోడ పట్టుకుంటూ షాపులోకి వచ్చింది. కొత్త కళ్ళజోడు చేతిలో ఉంది, మొహాన లేదు. మోకాలి దగ్గర బట్ట చిరిగింది.

"మెట్లన్నీ వాలుగా కనిపిస్తున్నాయి నాయనా," అంది యజమానితో. "ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేశాను. లేదు."

యజమాని ఆవిడను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కళ్ళజోడు తీసుకుని కొలిచి చూశాడు. ఎడమ లెన్సు వాలు తప్పి ఉంది. ఆయన మొహం ఎర్రబడింది. ఆవిడ ముందే గడియారాల మాస్టారిని కేకేశాడు.

వెనక గది గుమ్మంలో నిలబడ్డ ఆమె ఆ ఫ్రేమును చూడగానే గుర్తుపట్టింది. గోధుమరంగు ఫ్రేము. ఎడమ మడతబందు వదులుగా ఉంటే తనే బిగించింది. ఆ లెన్సులు తను బిగించినవే.

మాస్టారు కళ్ళజోడు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఒకసారి గుమ్మం వైపు చూశాడు. తర్వాత తల దించుకుని, చూసుకోలేదు సార్ అన్నాడు.

"గడియారంలో ముల్లు తప్పితే బస్సు పోతుంది మాస్టారూ. ఇందులో తప్పితే మనిషి పోతాడు," అన్నాడు యజమాని. ఆయన గట్టిగా అరవలేదు. అరిచినా ఇంతకన్నా నయంగా ఉండేదేమో. ముప్పై ఏళ్ళు చేతిపని చేసినవాళ్ళకు ఆ మాత్రం శ్రద్ధ ఉంటుందనుకున్నానని కూడా అన్నాడు. పెద్దావిడ ఇబ్బందిగా కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది. మాస్టారు చెవుల చివర్లు కందిపోయాయి.

ఆమె నోరు తెరవబోయింది. కానీ స్టూలు గుర్తొచ్చి ఆగిపోయింది. ఈలోగా యజమాని ఆ కళ్ళజోడు తెచ్చి ఆమె చేతిలోనే పెట్టి, నువ్వు సరిచేసి ఇయ్యమ్మా అని వెళ్ళిపోయాడు.

ఆమె లెన్సు ఊడదీసి యంత్రంలో పెట్టి వంగింది. పచ్చ గీతలు నీళ్ళలో పడ్డ దారాల్లా కదిలాయి. ఎడమవైపు ఒక మెరుపు మెరిసి ఆరిపోయింది. కళ్ళు మూసి తెరిచినా గీతలు నిలబడలేదు. పక్కన అలికిడైంది. మాస్టారు వచ్చి నిలబడ్డాడు. ఆమె జరిగి చోటిచ్చింది. ఆయన వంగి చూసి, మెల్లగా చక్రం తిప్పి, ఆమెకు మాత్రమే వినబడేలా అంకె చెప్పాడు. ఆమె చుక్క పెట్టింది. బిగించాక మళ్ళీ ఆయనే చూసి, సరిపోయిందన్నట్టు తల ఊపాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పెద్దావిడ కొత్తగా బిగించిన కళ్ళజోడు పెట్టుకుని గుమ్మం దాకా నడిచి చూసుకుని, ఇప్పుడు బాగుందని మెచ్చుకుని వెళ్ళింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళాక ఆమె పట్టీ చుట్టుకోలేదు. బీపీ చూసుకున్నావా అని అత్తగారు వంటింట్లోంచి అడిగితే, పొద్దుటిలాగే ఉందని చెప్పింది. మరీ మంచిదని ఆవిడ తన వంతుగా యంత్రం ముందు కూర్చుని, కొలత తీసుకుంటున్నంతసేపూ ఉప్పు తగ్గించిన కూరను తిట్టింది.

భర్త బ్రెడ్డు వ్యాను నడుపుతాడు. తెల్లవారకముందే వెళ్తాడు, వచ్చేసరికి ఒళ్ళు హూనమై ఉంటుంది. అయినా ఆ రోజు ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పట్టాడు. బొటనవేలితో నొక్కిన చోటల్లా గుంట పడి అలాగే ఉండిపోయింది. పిండి ముద్దలో వేలు పెట్టినట్టుందే అని సరదాగా అనబోయి, మధ్యలో ఆగిపోయాడు.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దామా?"

"ఎల్లుండి ఎలాగూ రమ్మన్నారు కదండీ," అంది ఆమె.

తలలో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టే ఉంది. కళ్ళు మూసుకుంటే మాస్టారు చెవుల చివర్లే కనిపించాయి.

మర్నాడు ఆమె షాపుకి వెళ్ళేసరికి మాస్టారు ముందు గదిలో అద్దాల అల్మారా దగ్గర నిలబడి, అమ్మకానికి పెట్టిన ఫ్రేములు ఒక్కొక్కటే తీసి తుడుస్తున్నాడు. వెనక గదిలోకి రావద్దని యజమాని చెప్పాడట. ఆయన ఆమెను చూసి ఎప్పటిలాగే, వచ్చావా అమ్మా అని పలకరించాడు. ఆ గొంతులో నిష్ఠూరం ఏమాత్రం లేదు. చిన్న నిష్ఠూరం ఉన్నా ఆమె తప్పించుకుని లోపలికి వెళ్ళిపోయేదేమో. అది లేకపోవడంతో లోపలికి వెళ్ళలేకపోయింది.

ఆమె తిన్నగా యజమాని బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"సార్, నిన్నటి కళ్ళజోడు బిగించింది నేను. మాస్టారు కాదు."

యజమాని తలెత్తాడు. మాస్టారి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నువ్వా? నువ్వెందుకు తప్పుతావు?" అన్నాడు యజమాని. నమ్మలేదు.

"కనిపించడంలేదు సార్. గీతలు అలుక్కుపోతున్నాయి. కళ్ళముందు మెరుపులు వస్తున్నాయి. నాలుగైదు రోజులనుంచి." ఆ మాట బయటికి చెప్పాక, అదేమిటో ఆమెకే మొదటిసారి పూర్తిగా వినబడినట్టయింది.

యజమాని ఆమె మొహం వైపు పరీక్షగా చూశాడు. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. అలవాటుకొద్దీ టార్చి అందుకుని, మళ్ళీ కింద పెట్టేశాడు. ఇది తను చూడాల్సింది కాదని, వెంటనే ఆసుపత్రికి ఫోను చెయ్యమని చెప్పాడు. తర్వాత మాస్టారి వైపు తిరిగి, నిన్న మీరెందుకు చెప్పలేదని అడిగాడు.

మాస్టారు గుడ్డ మడతపెట్టాడు. "చెబితే అమ్మాయిని మానిపించేస్తారేమో అనుకున్నాను. కడుపుతో ఉన్న పిల్ల." గుడ్డను అల్మారా మీద పెట్టి, "లెన్సు పెట్టేటప్పుడు తనకి కనబడటంలేదని నిన్ననే తెలిసింది నాకు. అప్పుడే చెప్పాల్సింది," అన్నాడు.

యజమాని బల్ల మీది కాగితాలు సర్దినట్టు సర్ది, నిన్న అలా అనకుండా ఉండాల్సిందని, ఎవరితో అంటున్నాడో తెలియనట్టుగా గొణిగాడు.

ఆసుపత్రి నర్సు ఫోనులో ఎక్కువ ప్రశ్నలు వెయ్యలేదు. తలనొప్పి ఉందా, పక్కటెముకల కింద నొప్పి ఉందా, పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగి, ఇంటికి వెళ్ళకుండా అటునుంచి అటే రమ్మంది. ఒంటరిగా రావద్దంది. యజమాని షట్టరు సగం దించి కారు తీశాడు. మాస్టారు ఆమె సంచీ పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

కారులోంచి ఆమె అత్తగారికి ఫోను చేసింది. ఆవిడ విని, ముందు ఇంటికొచ్చి ఇంత తిని ఎడమపక్కకు తిరిగి పడుకోమంది. పడుకుంటే అదే దిగుతుందట. ఆసుపత్రివాళ్ళు అయినదానికీ కానిదానికీ మంచమెక్కిస్తారట. మరో రోజైతే ఆమె సరేనత్తయ్యా అనేది.

"లేదత్తయ్యా, నేను రావడంలేదు. ఆసుపత్రికే వెళ్తున్నాను. మీరే అక్కడికి రండి. ఆయనకు కూడా చెప్పండి," అంది.

అవతల బీరువా తలుపు తీసిన చప్పుడైంది. తర్వాత, బట్టలు ఏవేవి తేవాలని అడిగింది అత్తగారు.

ఆసుపత్రిలో నర్సు వాచిన చేతికి సరిపోయే వెడల్పాటి పట్టీ తెచ్చి చుట్టింది. నూట డెబ్బై, నూట పన్నెండు. కాసేపాగి మళ్ళీ చూసినా పెద్ద తేడా లేదు. మూత్రం పరీక్షలో కూడా అనుమానించినట్టే ప్రొటీను పోతోందని తేలింది. అప్పటినుంచి గదిలో అందరూ పరుగులాంటి నడకతో తిరిగారు, కానీ ఎవరి గొంతూ పెరగలేదు. బీపీ దించడానికి ఒక మందు, ఫిట్సు రాకుండా ఇంకో మందు నరంలోకి ఎక్కించారు. రెండోది ఎక్కుతుంటే ఒళ్ళంతా వేడినీళ్ళు పారినట్టు కాగిపోయింది. అది మామూలేనని, మందు పనిచేస్తోందని నర్సు ఆమె నుదుటి మీద తడిగుడ్డ వేసింది. కడుపుకి కట్టిన పట్టీలోంచి బిడ్డ గుండె చప్పుడు గదినిండా వినబడుతూనే ఉంది. దాన్ని వింటూ ఆమె పడుకుంది.

అత్తగారు రెండు సంచులతో దిగింది. ఒకదాంట్లో బట్టలు, రెండోదాంట్లో బీపీ యంత్రం. ఆసుపత్రి లెక్క సరైనదో కాదో తన దాంతో సరిచూద్దామని తెచ్చిందట. నర్సు నవ్వాపుకుని పక్కకు జరిగి తెరమీద అంకె చూపించింది. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చూసింది. ఇంకోసారి చూసింది. ఆ అంకెకు జోడించడానికి తన అంకె ఏదీ చెప్పలేదు. సంచీ జిప్పు మెల్లగా వేసి మంచం కింద పెట్టేసింది.

భర్త బ్రెడ్డు ట్రేలు సగం దించి సగం వదిలేసి వచ్చాడు. చొక్కాకి ఇంకా పిండి అంటుకునే ఉంది. డాక్టరమ్మ వాళ్ళిద్దరికీ కలిపి విషయం చెప్పింది. బీపీని మందులతో కొన్నాళ్ళు ఆపవచ్చు గానీ, కళ్ళదాకా వచ్చాక ఆపి లాభం లేదు. బిడ్డ చిన్నదే అయినా బయట బతకగలిగే వయసొచ్చింది. నొప్పులు తెప్పిస్తామంది. ఇంకొక్క రోజు ఆలస్యం చేసి ఉంటే ఏమయ్యేదని అతను అడిగాడు. సమయానికి వచ్చారు కదా, ఇప్పుడు ఆ లెక్కలెందుకని ఆవిడ అతని భుజం తట్టింది.

మర్నాడు సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. రెండు అరచేతుల్లో సరిపోయేంత ఉంది. పుట్టగానే గొంతు మాత్రం బాగానే విప్పింది. రెండ్రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచి తెచ్చి తల్లి పక్కన పడుకోబెట్టారు. యజమాని, మాస్టారు కలిసి చూడడానికి వచ్చారు. మాస్టారు మళ్ళీ వెనక గదిలోనే పనిచేస్తున్నాడని, నువ్వు వచ్చాక కూడా ఇద్దరికీ పనుందని, వీపు ఆనే కుర్చీలు రెండు తెప్పిస్తున్నానని యజమాని చెప్పాడు. మాస్టారు పాపను వేలితో ముట్టుకోవాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, చివరికి ముట్టుకోకుండానే వెళ్ళిపోయాడు.

బిడ్డ పుట్టింది కదా, ఇక ఇంటికి వెళ్ళడమేనని అందరూ అనుకున్నారు. నర్సు ఒప్పుకోలేదు. ఈ బీపీ కాన్పయ్యాక కూడా పెరిగే అవకాశం ఉందని, ఇంకొన్నాళ్ళు చూసే పంపిస్తామని చెప్పింది. ఇంటికి వెళ్ళాక మాత్రలు చెప్పేదాకా మానొద్దంది. ఒకసారి ఇలా వచ్చిన మనిషికి పెద్దవయసులో బీపీ వచ్చే అవకాశం ఎక్కువని, ఎప్పుడు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఈ సంగతి చెప్పి తీరాలని చెప్పి, మందుల బండి తోసుకుంటూ పక్క మంచానికి వెళ్ళింది.

పాప పాలు తాగి నిద్రపోయింది. అత్తగారు మంచం పక్క కుర్చీలో ఉంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండగలదని కోడలికి తెలియదు. ఒంట్లో బాగాలేదేమోనని, ఏంటత్తయ్యా అని అడిగింది.

అత్తగారు పాప దుప్పటి అంచు సరిచేసింది. అది సరిగ్గానే ఉంది.

"నీ మొగుడు పుట్టే ముందు రెండ్రోజులు నాకు తలుపు ఎక్కడుందో కనబడలేదు అమ్మాయ్. గోడ తడుముకుంటూ తిరిగాను. తల పగిలిపోయేది. చెబితే పని తప్పించుకోడానికి నాటకాలాడుతున్నావన్నారు." దుప్పటి మీదినుంచి చెయ్యి తియ్యలేదు. "అందరూ అంటుంటే నేనూ అంతేనేమో అనుకున్నాను. బద్ధకమేమో అనుకుని లేచి పనిచేశాను. కాన్పులో ఏం జరిగిందో నాకు గుర్తులేదు. మెలకువ వచ్చేసరికి వాడు పక్కన ఉన్నాడు." కోడలి వైపు తిరిగింది. "అది ఇదేనంటావా?"

దుప్పట్లు ఉతికానని ఆవిడ గొప్పగా చెప్పుకున్న రోజులన్నీ కోడలికి ఇప్పుడు వేరేగా వినిపించాయి. అవునని చెప్పాలో కాదని చెప్పాలో తెలియలేదు. ఆవిడ చేతిమీద చెయ్యి వేసింది.

"నాకు తెలీదత్తయ్యా. డాక్టరుగారు వస్తారుగా, అడుగుదాం."

"ఇన్నేళ్ళకు అడిగితే నవ్వుతారే."

"నవ్వరు."

డాక్టరమ్మ వచ్చి కోడలి కొలతలు చూసి, కనురెప్పలు పైకెత్తి చూసి, ఇవాళ బాగుందని వెళ్ళబోయింది. అత్తగారు గోడవైపు తిరిగి కప్పులు కడుగుతున్నట్టు నటిస్తోంది.

"డాక్టరుగారూ," అంది ఆమె. "మా అత్తయ్య మిమ్మల్ని ఒకటి అడగాలట."

డాక్టరమ్మ ఆగింది. అత్తగారి మొహం చూసి, చేతిలోని కాగితాలు నర్సుకిచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి, కూర్చోండమ్మా, చెప్పండి అంది.

అత్తగారు చేతులు తుడుచుకుని వచ్చి, కుర్చీ అంచున కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కోడలి వైపు చూసింది. తలుపు సంగతి చెప్పమన్నట్టు కోడలు తల ఊపింది. ఆవిడ తలుపు దగ్గరే మొదలుపెట్టింది. గోడ తడుముకోవడం, తలనొప్పి, ఉబ్బిన చేతులు, గుర్తులేని కాన్పు, ఒక్కొక్కటే తవ్వి తీసింది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. అంతా విన్నాక ముందుకు వంగి, అప్పుడు మీ వయసెంతమ్మా అని అడిగింది.

అన్నేళ్ళలో ఆ మాట తనను అడిగినవాళ్ళు లేరన్నట్టు అత్తగారు కాసేపు లెక్కపెట్టుకుంది.

"పందొమ్మిదండీ," అంది.